గీసిన నగరం, గీయని నగరం

హెబా జకూత్ గీసిన జెరూసలెంలో ఖాళీ అన్నది కనపడదు. ఇంటి మీద ఇల్లు, కమాను పక్కన కమాను, బంగారు గుమ్మటానికి భుజం ఆనించినట్టు చర్చి గోపురం. అంత ఇరుకులోనూ ఊపిరాడనట్టు అనిపించదు. గోడలకు వెచ్చని రంగులు, ఆకాశానికి నీలం. కొన్ని బొమ్మల్లో ఛాతీ నిండా అల్లికపని ఉన్న పాలస్తీనా పొడుగు గౌను తొడుక్కుని ఒక స్త్రీ ముందు నిలబడుతుంది. ఊరంతా ఆమె వెనక సర్దుకుని కూర్చున్నట్టుంటుంది. వేల ఏళ్ల రాళ్లే అయినా ఆ బొమ్మల్లో వాటి వయసు తెలియదు. నిన్నగాక మొన్న పండక్కి వెల్లవేసిన ఊరు అది.

హెబా 1984లో గాజాలోని బురేజ్ శరణార్థి శిబిరంలో పుట్టింది. ఆమె పెద్దలది ఇస్దూద్. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఆ ఊరు ఖాళీ అయినప్పుడు గాజాకు వచ్చి పడ్డ వేల కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. అల్ అఖ్సా విశ్వవిద్యాలయంలో లలితకళలు చదివి 2007లో పట్టా తీసుకుంది, చిన్న పిల్లలకు పాఠాలు చెప్పింది, నలుగురు బిడ్డల్ని పెంచుకుంటూ బొమ్మలు వేసింది. గాజా నుంచి జెరూసలెం ఎనభై కిలోమీటర్లు కూడా ఉండదు. మామూలు దేశంలో అయితే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. 2007 దిగ్బంధం తర్వాత గాజా జనానికి ఆ దూరం అనుమతి కాగితం అంత పొడుగైంది. ఆ కాగితం దొరకని కుర్రకారు జెరూసలెంను పోస్టర్లలో, టీవీలో, అమ్మమ్మల మాటల్లో చూసి గీసింది.

2023 అక్టోబర్ 13న బాంబుదాడిలో హెబా, ఆమె కొడుకులిద్దరు చనిపోయారు. ఆమెకు 39 ఏళ్లు. అంతకు కొద్దిరోజుల ముందే కెమెరా ముందు నిలబడి తన పేరు, తన పని పరిచయం చేసుకున్న వీడియో ఒకటి మిగిలింది. ఆమె గీసిన గుమ్మటాలు జెరూసలెంలో ఇవాళ్టికీ నిలబడే ఉన్నాయి. నేలమట్టమైంది ఆమె బతికిన ఊరు.

ఈ తిరకాసు హెబా ఒక్కతెది కాదు. డెబ్బై అయిదేళ్ల పాలస్తీనా చిత్రకళను వరసగా చూస్తూ పోతే నాకు కనిపించింది ఇదే: అక్కడ ఏ ఊరైనా పోయాకే కాన్వాసు ఎక్కుతుంది. ఉన్నంతకాలం దాన్ని గీయాలని ఎవరికీ పెద్దగా తోచదు. పోయిన మర్నాటి నుంచీ గీయకుండా ఉండలేరు.

ఇస్మాయిల్ షమ్మూత్‌ది లిద్దా. 1948 జులైలో ఊరు ఊరంతా ఎండలో నడిచి వెళ్లిపోయినప్పుడు అతను పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆ నడకను గీశాడు, 1953లో గాజాలోనే మొదటి ప్రదర్శన పెట్టాడు. ఆ తర్వాత అతని భార్య అయిన తమామ్ అల్ అఖల్‌ది యాఫా. 1997లో ఇద్దరూ కలిసి యాఫా వెళ్లి ఆమె పుట్టింటి తలుపు తట్టారు. ఆ ఇల్లు అప్పటికి ఆర్ట్ గ్యాలరీ అయింది. జీవితమంతా బొమ్మలు వేసిన మనిషిని ఆ బొమ్మల కొట్టులోకి, అంటే తన సొంత ఇంట్లోకి, అడుగు పెట్టనివ్వలేదు. ఆమె తిరిగొచ్చి ఇంటినే గీసింది.

జుమానా అల్ హుసేనీది జెరూసలెం. బేరూత్‌లో, తర్వాత పారిస్‌లో బతుకుతూ పుట్టిన ఊరి ఇళ్లను చతురస్రాలుగా, అర్ధచంద్రాకారపు కమానులుగా విడగొట్టి మళ్లీ మళ్లీ పేర్చింది. ఇక స్లిమాన్ మన్సూర్ 1973లో వేసిన బొమ్మ తెలియని పాలస్తీనా ఇల్లు లేదనే చెప్పాలి. ముసలి హమాలీ ఒకడు వీపు మీద మూటలా జెరూసలెం నగరాన్ని మోస్తుంటాడు. నుదుటికి తాడు, కాళ్లకు చెప్పుల్లేవు, చుట్టూ ఏమీ లేదు. ఆ మూల చిత్రం లిబియా చేరిందని, 1986లో అమెరికా అక్కడ బాంబులు వేసినప్పుడు కాలిపోయిందని చెబుతారు. మన్సూర్ దాన్ని మళ్లీ గీశాడు. పోయిన ఊరి బొమ్మ కూడా పోవడం, దాన్ని మళ్లీ వేసుకోవడం వీళ్లకు కొత్తేమీ కాదన్నమాట.

లిద్దా, యాఫా, జెరూసలెం. ఈ వరసలో గాజా పాతబస్తీ చాలాకాలం లేదు. గాజా కట్టడాలను ఎవరూ గీయలేదని కాదు. గీశారు, పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి గీయించారు కూడా. అయినా జెరూసలెం గుమ్మటానికి ఉన్న గిరాకీ గాజా పాతబస్తీలోని ఒమరీ మసీదు మీనారుకు ఏనాడూ లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అదే అయింది. శుక్రవారం నమాజుకు వెళ్లే చోటును, అక్కచెల్లెలి పెళ్లికి నగలు బేరమాడే సందును, తెల్లారి లేచి మొహం కడుక్కుంటే కనిపించే రాతిగోడను వారసత్వం అని ఎవరనుకుంటారు?

అనుకోవాల్సినంత సంగతి మాత్రం ఆ గోడల్లో ఉంది. గాజా పాతబస్తీ కట్టింది సముద్రపు ఒడ్డున దొరికే ఇసుకరాయితో. అక్కడివాళ్లు కుర్కార్ అంటారు. మెత్తటి రాయి, తేలిగ్గా చెక్కొచ్చు, తేలిగ్గానే అరుగుతుంది కూడా. ఒమరీ మసీదు ఆ రాతిదే. మీనారు కింది సగం నాలుగు పలకలు, పై సగం ఎనిమిది పలకలు. మమ్లూక్ సుల్తానుల కాలపు పద్ధతి అది. పడమటి వాకిలి దగ్గర మాత్రం కొన మొలిచిన కమాను, దాని పైన గుండ్రటి కిటికీ. అది మసీదు వాకిలి కాదు, 12వ శతాబ్దంలో క్రూసేడర్లు కట్టిన చర్చి వాకిలి. లోపలి పాలరాతి స్తంభాలు అంతకంటే పాతవి, ఎక్కడో పడిన కట్టడాల నుంచి ఏరి తెచ్చి నిలబెట్టినవి. ఒక్క భవనంలో అంతమంది చేతులు.

ఆ స్థలం కథే పడిపోవడం, లేవడం. మొదట అక్కడ ఫిలిష్తీయుల గుడి ఉండేదని ఊరి నమ్మకం. బైజాంటియన్ల రోజుల్లో చర్చి అయింది, 7వ శతాబ్దంలో మసీదు అయింది, క్రూసేడర్లు వచ్చాక చర్చి, వాళ్లు పోయాక మళ్లీ మసీదు. 1260లో మంగోలులు పాడుచేశారు, కట్టుకున్నారు. ఆ శతాబ్దం చివర్లో భూకంపం పడగొట్టింది, కట్టుకున్నారు. 1917లో బ్రిటిష్ ఫిరంగులు దాన్ని ఛిద్రం చేశాయి. లోపల తుర్కులు మందుగుండు దాచారని అప్పట్లో చెప్పిన కారణం. కారణాలు కూడా వారసత్వంగా వస్తాయేమో.

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన ఒకటి ఉంది. 1917 నవంబర్‌లో ఖాళీ అయిన గాజా శిథిలాల మీదుగా ముందుకు సాగిన బ్రిటిష్ ఆశ్విక దళాల్లో భారత సంస్థానాల బ్రిగేడ్ ఒకటి. నిజాం సొమ్ముతో నడిచిన హైదరాబాద్ లాన్సర్స్ అందులో భాగం. తెలంగాణ మట్టి నుంచి వెళ్లిన మనుషులు గుర్రాల మీద కూర్చుని, పైకప్పు లేని ఆ పాత కట్టడాల పక్కనుంచి వెళ్లి ఉంటారు. ఆ మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1920ల్లో జెరూసలెం అల్ అఖ్సా మసీదు బాగుచేతకు చందాలడుగుతూ సుప్రీం ముస్లిం కౌన్సిల్ ప్రతినిధులు భారతదేశం వచ్చారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళమిచ్చాడు. ఆ కౌన్సిలే, ఫిరంగి దెబ్బ తగిలి పదేళ్లు తిరిగేలోగా, ఒమరీ మసీదునూ నిలబెట్టింది. ఒక చేత్తో పడగొట్టే సైన్యానికి గుర్రాలు, ఇంకో చేత్తో కట్టేవాళ్లకు రూపాయలు. సంస్థానాధీశుల లెక్కలు అలాగే ఉండేవి.

మసీదుకు కొద్ది దూరంలో ఖస్ర్ అల్ బాషా, పాషా కోట అనొచ్చు. వాకిలి పైన రెండు సింహాలు చెక్కి ఉండేవి, మమ్లూక్ సుల్తాన్ బేబర్స్ ముద్ర అది. తుర్కుల కాలంలో గాజాను ఏలిన రద్వాన్ వంశం అందులో ఉంది. 1799లో నెపోలియన్ కొన్ని రాత్రులు అక్కడే పడుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. బ్రిటిష్ వాళ్లు పోలీసు స్టేషన్ చేశారు. ఈజిప్టు వాళ్లు బాలికల బడి చేశారు. 2010లో మ్యూజియం అయింది. ఎవరొచ్చినా పడగొట్టకుండా వాడుకున్న భవనం అది. నాకైతే ఆ బడి రోజులు ఎక్కువ ఇష్టం. సింహాల కింద నుంచి జడలు వేసుకున్న ఆడపిల్లలు పుస్తకాలతో లోపలికి వెళ్లేవారంటే, ఆ సింహాలకు అంతకు మించిన గౌరవం ఏముంటుంది?

జైతూన్ పేటలో హమ్మాం అల్ సమ్రా ఉండేది. ఊరిలో ఒకప్పుడు ఉన్న స్నానశాలల్లో చివరి వరకూ నీళ్లు కాగిన చోటు అదొక్కటే. మధ్య గది గుమ్మటానికి గుండ్రటి రంధ్రాలు, వాటికి రంగు అద్దాలు. మధ్యాహ్నం పూట ఆవిరిలోంచి ఎరుపు, పచ్చ, నీలం కాంతి పాలరాతి నేల మీద పడేది. బొమ్మలు వేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆవిరిలో కాగితం నిలవదు, రంగు ఆరదు. వెళ్లినవాళ్లు ఒళ్లు రుద్దించుకుని, సల్లాపాలాడుకుని వచ్చేశారు. షుజాయియా పేటలో 1661లో సఖ్ఖా అనే వర్తకుడు కట్టించుకున్న ఇల్లు, ఒమరీ గోడకు ఆనుకుని కమానుల కింద ఉన్న ఖైసారియా బంగారు బజారు, 5వ శతాబ్దంలో మొదలైన సెయింట్ పోర్ఫిరియస్ చర్చి, ఇవన్నీ ఒక పూటలో నడిచి చూసేయగల దూరంలో ఉండేవి.

కన్నీళ్లు పెట్టుకునే ముందు ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ పాతబస్తీ బాంబులకు ముందే తరుగుతూ వచ్చింది. చిన్న నేల, లక్షల జనం. పాత రాతి ఇల్లు పడగొట్టి సిమెంటు మేడ వేసుకుంటే కొడుకులందరికీ తలా ఒక వాటా వస్తుంది. ఏ తండ్రిని తప్పుపట్టగలం? ప్రభుత్వాన్ని మాత్రం తప్పుపట్టొచ్చు. 4,500 ఏళ్ల నాటి తల్ అస్ సకన్ దిబ్బను 2017లో హమాస్ అధికారులే బుల్డోజర్లు పెట్టి దున్నించారు, ఉద్యోగుల ఇళ్ల కోసం. ఒమరీ మసీదు స్తంభం ఒకదాని మీద యూదుల ఏడు కొమ్మల దీపం చెక్కి ఉండేది. శతాబ్దాల తరబడి ముస్లింలు దాని కిందే నమాజు చేశారు. మొదటి ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ మీద పాలస్తీనా జనం తిరగబడ్డ రోజుల్లో ఎవరో దాన్ని గీకేశారు. మంగోలులు ఉంచిన దీపాన్ని సొంత మనుషులు తీసేశారు.

ఇంత జరుగుతున్నా నేర్చుకునేవాళ్లు నేర్చుకుంటూనే వచ్చారు. గాజాలో కొత్త తరానికి కళ నేర్పిన చోట్లు ప్రధానంగా రెండు: ఎల్తికా, షబాబీక్. ముహమ్మద్ అల్ హవాజ్రీ, రాయిద్ ఇసా, దీనా మతర్, సొహైల్ సాలెం వంటివాళ్లు కలిసి పెట్టుకున్నది ఎల్తికా. షరీఫ్ సర్హాన్, బాసిల్ అల్ మఖూసీ, మాజిద్ షలా 2009లో తెరిచింది షబాబీక్. పేరుకు గ్యాలరీలు. పని చూస్తే బడి, అడ్డా, సామాను గది అన్నీ అవే. మంచి రంగుల ట్యూబు ఒకటి సరిహద్దు దాటి రావడమే గగనమైన ఊళ్లో ఉన్నవాటిని పంచుకు వాడుకున్నారు. 2022లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా కళాప్రదర్శనలో ఎల్తికా వాళ్ల పని కనిపించింది.

2023 అక్టోబర్ 7న హమాస్ దక్షిణ ఇజ్రాయెల్ మీద దాడి చేసి దాదాపు 1,200 మందిని చంపింది, వందల మందిని బందీలుగా పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి గాజా మీద మొదలైన యుద్ధం పదివేల లెక్కన మనుషుల్ని మింగింది. అంతమంది పోయిన చోట రాళ్ల గురించి మాట్లాడటం ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే. కానీ ఆ రాళ్ల కిందే మనుషులున్నారు. రెంటినీ విడదీసి ఏడవడం కుదరదు.

కూలిన వరస ఇదీ. అక్టోబర్ 17న అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో జరిగిన పేలుడులో ముహమ్మద్ సామీ ఖరీఖా పోయాడు. ఇరవై నాలుగేళ్ల చిత్రకారుడు. ఇళ్లు వదిలి అక్కడ తలదాచుకున్న పిల్లలకు ఆటలు ఆడిస్తూ ఉన్నాడు. రెండు రోజులకు సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో బాంబు పడింది. గుడి గోడలు కాపాడతాయని వచ్చి చేరిన 18 మంది చనిపోయారు. నవంబర్‌లో నగరపాలక సంస్థ పాత రికార్డుల గది కాలింది. డిసెంబర్ 8న ఒమరీ మసీదు వంతు వచ్చింది. మధ్యశాల కప్పు కూలింది, మీనారు సగానికి విరిగి మొండెంలా మిగిలింది. ఆ నెలలోనే ఎల్తికా పోయింది. పాషా కోటలో చాలా భాగం, హమ్మాం అల్ సమ్రా, సఖ్ఖా వర్తకుడి ఇల్లు, అన్నీ ఆ చలికాలంలోనే ఒకదాని వెంట ఒకటి. వసంతంలో అల్ షిఫా ఆసుపత్రి చుట్టూ ముట్టడి సాగిన రోజుల్లో షబాబీక్ నేలకూలింది. ఏళ్ల తరబడి పోగుచేసిన కాన్వాసులు, రంగులు, పిల్లల కసరత్తు కాగితాలు దాంతోపాటే పోయాయి.

హమాస్ మనుషులు, సొరంగాలు ఉన్న చోట్లనే కొట్టామని ఇజ్రాయెల్ సైన్యం అంటూ వచ్చింది. యుద్ధంలో సాంస్కృతిక కట్టడాలను కాపాడాలని 1954లో హేగ్‌లో రాసుకున్న ఒడంబడిక మీద ఇజ్రాయెల్ సంతకముంది, పాలస్తీనా సంతకమూ ఉంది. అయితే ఆ ఒడంబడికలోనే 'సైనిక అవసరం' అన్న సందు ఒకటి వదిలారు. ఆ సందులోంచి ఎంత పెద్ద బాంబయినా పడుతుంది. దెబ్బతిన్న చారిత్రక, సాంస్కృతిక స్థలాలు 100కు పైనే అని యునెస్కో ఉపగ్రహ చిత్రాల సాయంతో తేల్చింది. నుసీరాత్ దగ్గరి సెయింట్ హిలారియన్ మఠాన్ని 2024 జులైలో హడావిడిగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చి, ఆ పూటే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకీ ఎక్కించింది. పుట్టిన బిడ్డకు పేరు పెడుతూనే ఆసుపత్రి చీటీ రాసినట్టు.

ఫతీ గబిన్ కథ చెప్పకపోతే ఇది పూర్తి కాదు. గాజా చిత్రకారుల్లో పెద్దాయన. పుట్టింది హిర్బియాలో, 1948లో కుటుంబంతో జబాలియా శిబిరం చేరాడు. గురువు లేడు, కళాశాల లేదు. పోయిన పల్లెను జీవితమంతా గీశాడు: నూర్పిళ్లు, పెళ్లి ఊరేగింపులు, మట్టి ఇళ్లు, రొట్టెలు కాల్చే ఆడవాళ్లు. పాలస్తీనా జెండా రంగులు బొమ్మల్లో వాడాడని 1980ల్లో జైల్లో పెట్టారు. రంగులకు శిక్ష పడిన మనిషి. 2024 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. వైద్యానికి బయటి దేశం వెళ్లాలి, అనుమతి రాలేదు. గాలి కావాలని రొప్పుతూ అడుగుతున్న వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ నెల దాటకుండానే పోయాడు.

ఆయన చిత్రాల్లోని హిర్బియాను ఆయన పిల్లల తరం గుర్తుపట్టలేదు, వాళ్లు చూడలేదు కాబట్టి. ఇప్పుడు ఒమరీ మసీదు ఆ వరసలో చేరింది. గాజాలో రేపు పుట్టబోయే బిడ్డకు ఎనిమిది పలకల మీనారు అంటే తాత ఫోనులో ఉన్న ఫొటో. ఇవాళ పదిహేను, ఇరవై ఏళ్ల వయసున్న కుర్రకారే దాన్ని కళ్లారా చూసి గీయగల చివరి తరం. వాళ్లలో చాలామంది గుడారాల్లో ఉన్నారు.

గురువుల పరిస్థితీ అంతే. సొహైల్ సాలెం తన స్టూడియో, బొమ్మలు పోగొట్టుకుని దేర్ అల్ బలాహ్ చేరాక స్కూలు నోటు పుస్తకాల్లో బాల్ పెన్నుతో గీతలు గీశాడు. గీతల కాగితం అది, కింద పిల్లల కాపీ రాతకు వేసిన లైన్లు, పైన చేతులు, మొహాలు, గుడారాలు. రాయిద్ ఇసా మందుల పొట్లాల కాగితం మీద టీ డికాషన్, మందారపు రసం, దానిమ్మ రసంతో బొమ్మలు వేశాడు. ఆరాక టీ రంగు కుర్కార్ రాయికి దగ్గరగా వస్తుంది. ఆయన కావాలని ఎంచుకున్నాడని అనడం లేదు. పొయ్యి మీద ఉన్నది అదే. ఈ కాగితాలు ఎలాగో సరిహద్దు దాటి అమ్మాన్‌లోని దారత్ అల్ ఫనూన్ కళాకేంద్రం గోడల మీదికి చేరాయి. వేసినవాళ్లు మాత్రం అక్కడికి వెళ్లలేదు.

బయటపడినవాళ్లలో మలక్ మతర్ ఒకరు. 1999లో గాజాలో పుట్టింది. 2014 యుద్ధంలో ఇంట్లోంచి కదలనివ్వని రోజుల్లో పద్నాలుగేళ్ల పిల్లగా రంగులు పట్టింది. ఆమె పాత బొమ్మల్లో పెద్ద కళ్ల ఆడవాళ్లు, గాఢమైన రంగులు. 2024లో గోడంత కాన్వాసు మీద గాజా గురించి వేసిన బొమ్మలో మాత్రం నలుపు, తెలుపు తప్ప ఏమీ లేవు. పడిన గోడలు, మనుషులు, పక్షులు, ఒక గుర్రం, అంతా ఒకే బూడిదలో కలిసిపోయి ఉంటాయి. ఏది రాయి, ఏది ఒళ్లు అన్నది విడదీయడానికి చూసేవాడు తంటాలు పడాలి. హెబా జెరూసలెంలోని నీలానికీ ఈ బూడిదకూ మధ్య ఉన్నది ఒక్క ఏడాది.

ఇలాంటప్పుడు ఒక పాత కథ అందరి నోటా వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు నేలమట్టం చేసిన వార్సా పాతబస్తీని పోలెండ్ వాళ్లు మళ్లీ కట్టుకున్నప్పుడు, 18వ శతాబ్దంలో బెర్నార్దో బెలోత్తో వేసిన నగర దృశ్యాలు వాళ్లకు సాయపడ్డాయి. కిటికీలు ఎన్ని, చూరు ఎంత, నగిషీ ఎలా ఉంది అన్నది బొమ్మల్లోంచి తీశారు. మరి గాజాకూ అలాగే చిత్రకారులు దారి చూపుతారా అని ఆశగా అడుగుతుంటారు. నాకు ఆ ఆశ మీద పెద్ద నమ్మకం లేదు. బెలోత్తో రాజుగారి ఆస్థాన చిత్రకారుడు, కెమెరా అబ్స్క్యూరా పెట్టి కొలిచి గీసినవాడు, తీరిగ్గా ఏళ్లపాటు ఒకే ఊరిని చూసినవాడు. హెబా చేతిలో కొలబద్ద లేదు. ఆమె ఊరు కట్టుకునే పటం వేయలేదు, ఊరి మీద ఉన్న ఆశ వేసింది. పడిన గోడల నకలు తీసి పెట్టే బాధ్యతను కూడా ఆ కుర్రకారు నెత్తిన రుద్దడం అన్యాయం.

కొలతలు తీసినవాళ్లు వేరే ఉన్నారు. గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇవాన్ అనే కేంద్రం ఏళ్ల తరబడి పాత ఇళ్లను కొలిచి, పటాలు గీసి, బాగుచేసింది. 2014లో సఖ్ఖా ఇంటిని నిలబెట్టింది వాళ్లే. రామల్లాలో సుఆద్ అమీరీ 1991లో స్థాపించిన రివాఖ్ పాలస్తీనా అంతటా తిరిగి 50,320 పాత కట్టడాల జాబితా తయారుచేసి 2007లో అచ్చువేసింది. ఒమరీ గ్రంథాలయంలోని రెండు వందల పైచిలుకు రాతప్రతులను యుద్ధానికి ముందే బ్రిటిష్ లైబ్రరీ పథకం కింద ఫొటోలు తీశారు. ఆ పేజీలు తెర మీద ఇంకా చదవొచ్చు. ఇవేవీ చిత్రాల్లా గుండెను పట్టుకోవు. గోడ మళ్లీ లేస్తే మాత్రం వీటివల్లే లేస్తుంది.

గాజా మట్టిలోంచి తీసిన పాత వస్తువులు 529 జెనీవాలో ఉన్నాయి. 2007లో ప్రదర్శన కోసం వెళ్లి, తిరిగి రావడానికి దారి లేక అక్కడి గోదాములోనే ఉండిపోయాయి. ఆ ఇరుక్కుపోవడమే వాటిని బతికించింది. 2025లో వాటిలో కొన్నింటిని పారిస్‌లో చూపించారు. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో గాజా నగరంలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు దాచిన గోదామును కొట్టబోతున్నామని హెచ్చరిక వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ల తవ్వకాల్లో దొరికిన కుండలు, పాలరాతి ముక్కలు, మొజాయిక్‌లను మనుషులు గబగబా లారీల్లోకి ఎత్తారు. కొన్ని దారిలోనే పగిలాయి. అన్నీ పట్టలేదు.

2025 అక్టోబర్‌లో కాల్పులు ఆగాక పాషా కోట దగ్గర పని మొదలైంది. రాళ్ల గుట్టను కూలీలు చేత్తో ఏరుతున్నారు. మళ్లీ గోడకు పనికొచ్చే చెక్కిన రాళ్లు ఒక పక్క, మట్టి, ముక్కలు ఇంకో పక్క. మ్యూజియం వస్తువుల కోసం శిథిలాలను జల్లెడ పడుతున్నారు, అప్పుడప్పుడూ ఏదో ఒకటి దొరుకుతోంది. నిలిచిన గోడలు కూలిపోకుండా కట్టెల ఆసరా పెట్టాలి. ఆ కట్టెలు, సిమెంటు సరిహద్దు దాటి లోపలికి రావాలంటే మళ్లీ అనుమతి కావాలి.